అడవులు, వాతావరణం మీద పనిచేసే ఎకనామిస్ట్ కావాలంటే?

అలిపిరి_కుర్రోడు:
ఎస్వీయూలో ఎంఏ ఎకనామిక్స్ చివరి సెమిస్టర్. అడవులు, కార్బన్ లెక్కల వైపు పోవాలని ఉంది. పీహెచ్‌డీ లేకుండా కుదురుతుందా? డిసర్టేషన్‌కి శేషాచలం అనుకుంటున్నా. 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ (జీవావరణ రక్షిత ప్రాంతం) చేశారు కదా, అంతకుముందు, ఆ తర్వాత అడవి ఎంత మారిందో శాటిలైట్‌తో చూపిస్తే చాలా?

కొండచూపు:
చాలదు తమ్ముడూ. వానల తేడా కూడా రిజర్వ్ ఖాతాలో పడిపోతుంది. పోనీ లోపల, బయట పోలుద్దామంటే అదీ తప్పే. లోపలంతా రాళ్ల గుట్టలు. రిజర్వ్ లేకున్నా అక్కడ మామిడితోట ఎవడూ వేయడు. వాలు, ఎత్తు, రోడ్డుకు దూరం, ఊరికి దూరం ఒకేలా ఉన్న చోట్లను జతలుగా ఏరి పోల్చాలి. దీన్నే మ్యాచింగ్ అంటారు, ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి ప్యాకేజీలున్నాయి. పైగా అది ఆకురాల్చే అడవి. ఒక ఏడాది నవంబరు బొమ్మ, ఇంకో ఏడాది మార్చి బొమ్మ పెట్టావంటే చెట్టు కొట్టకుండానే అడవి పోయినట్టు కనిపిస్తుంది. ఎర్రచందనం దొంగలు ఏరి కొట్టే చెట్లు ల్యాండ్‌శాట్ ఉపగ్రహ బొమ్మలోని 30 మీటర్ల గడిలో దొరకవు, ఆ జోలికి పోవద్దు.

టేపు_లెక్క:
కార్బన్ వైపైతే ఫీల్డ్ షీటు చదవడం రావాలి. చెట్టును నేలకు 1.37 మీటర్ల ఎత్తులో కొలుస్తారు. టేపు చుడితే వచ్చేది చుట్టుకొలత, చెట్టు బరువు లెక్కగట్టే సూత్రం అడిగేది వ్యాసం. చుట్టుకొలత 63 సెంటీమీటర్లయితే వ్యాసం 20. ఆ 63నే వ్యాసం కాలమ్‌లో కొట్టారా, కాండం అడ్డుకోత వైశాల్యం దాదాపు పదింతలు! షీటు చేతికి రాగానే ముందు ఇదే వెతుకు. తర్వాతది సులువు: చెట్ల ఎండు బరువు 100 టన్నులైతే, 0.47తో గుణిస్తే 47 టన్నుల కార్బన్, దాన్ని 44/12తో గుణిస్తే 172 టన్నుల కార్బన్ డయాక్సైడ్. అంతా కార్బన్ క్రెడిట్ (అమ్ముకోగల కార్బన్ ఆదా) కాదు. ప్రాజెక్టు లేకున్నా నిలిచేదాన్ని, పక్క కొండకు మళ్లిన నరుకుడును తీసేయాలి. ఎకనామిస్ట్‌కి జీతమిచ్చేది ఆ తీసివేత కోసమే.

చిత్తూరు_ఎకానమీ:
పీహెచ్‌డీ లేకున్నా రీసెర్చ్ అసిస్టెంట్‌గా మొదలుపెట్టొచ్చు. సొంతంగా అధ్యయనాలు నడపాలంటే మాత్రం అది కావాలి. ఐఈఎస్ (ఇండియన్ ఎకనామిక్ సర్వీస్) పరీక్షకు నీ ఎంఏ సరిపోతుంది. డిస్కౌంట్ రేటు (రేపటి డబ్బును నేటి విలువకు తగ్గించే రేటు) గట్టిగా పట్టుకో. 30 ఏళ్ల తర్వాత వచ్చే 100 రూపాయలకు నేటి విలువ 4 శాతం రేటుతో 31, 10 శాతంతో 6 కూడా రాదు. ఎర్రచందనం లాంటి నిదానంగా పెరిగే చెట్టుకు ఏ రేటు, ఎందుకు అంటే జవాబు ఉండాలి. అటవీ భూమిని వేరే పనులకు మళ్లిస్తే కట్టించే ఎన్‌పీవీ (ఆ అడవి నికర నేటి విలువ), రాష్ట్రాలకు పన్నుల వాటా పంచడంలో అడవులకు 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన 10 శాతం వెయిటేజీ చదువు.

అలిపిరి_కుర్రోడు:
మ్యాచింగ్‌కి ఊళ్ల వివరాలు ఏ సెన్సస్‌వి తీసుకోవాలన్నా?

కొండచూపు:
2001వి. 2011వి తీసుకుంటే రిజర్వ్ ప్రభావం అందులో అప్పటికే కలిసి ఉండొచ్చు.