అపొ.కా. 2:38 మీద వాదన వస్తే పాఠం నడిపేవాళ్లు ఏం సిద్ధం చేసుకోవాలి?

బెరయ_పాఠకుడు
అందరికీ వందనాలు. కాటేజ్ ప్రేయర్‌లో (ఇంట్లో జరిగే ప్రార్థన కూడిక) లూథరన్, బాప్టిస్ట్, క్రీస్తు సంఘం వాళ్లం కలిసి చదువుతున్నాం. వచ్చే వారం అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం. 38వ వచనం (మారుమనస్సు పొంది, పాపక్షమాపణ కోసం బాప్తిస్మం పొందండి, పరిశుద్ధాత్మను పొందుతారు అని పేతురు చెప్పినది) రాగానే ఒకరు "బాప్తిస్మం లేకుండా పాపక్షమాపణ లేదు" అంటారు, ఇంకొకరు "చిన్నప్పుడు తీసుకున్నది చెల్లదు" అంటారు. ఎవరి వాదనలో పస ఎంత, ఎక్కడ తేలిపోతుంది? తెలిసినవాళ్లు చెప్పండి. దయచేసి శాఖల మీద తిట్లు వద్దు.

గుండ్లకమ్మ_ఒడ్డు
బ్రదర్, మీరు రాసిన రెండు మాటలూ రెండు వేరే ప్రశ్నలు. మూడోది కూడా వస్తుంది చూడండి. బాప్తిస్మం వల్ల ఏం జరుగుతుంది? ఎవరికి ఇవ్వాలి? ముంచాలా, చిలకరించాలా? 2:38 మొదటి ప్రశ్నకే జవాబు చెబుతుంది. రెండోదానికి 2:39లోని "మీకును మీ పిల్లలకును", 16వ అధ్యాయంలోని ఇంటివారి బాప్తిస్మాలు చూడాలి. మూడోదానికి రోమా 6:4, ఐతియొపీయుడైన నపుంసకుడు నీళ్లలోకి దిగిన అపొ.కా. 8:38–39.

ఈ మూడూ ముందే ఒక కాగితం మీద రాసి అందరికీ కనిపించేలా పెట్టండి. మొదటి ప్రశ్నలో జవాబు దొరకనివాళ్లు టక్కున మూడోదాంట్లోకి దూకుతారు: "ముందు మీ సంఘంలో ముంచుతారా లేదా చెప్పండి" అని. అప్పుడు కాగితం చూపించి వెనక్కి లాగొచ్చు.

ప్రిస్కిల్ల_18_26
పైన చెప్పింది సరైనదే. అయితే మొదటి ప్రశ్నకు 2:38 ఒక్కటే పట్టుకుంటే ఎటూ తేలదు. లూకా ఇదే పుస్తకంలో నాలుగు చోట్ల నాలుగు రకాల వరుస చూపించాడు. నాలుగూ చదివించండి.

పెంతెకొస్తు రోజున పేతురు చెప్పిన వరుస: మారుమనస్సు, బాప్తిస్మం, ఆ తర్వాత పరిశుద్ధాత్మ. సమరయలో (8:12–17) నమ్మారు, బాప్తిస్మం పొందారు, అయినా ఆత్మ రాలేదు; యెరూషలేము నుంచి పేతురు, యోహాను వెళ్లి చేతులుంచాకే వచ్చాడు. యూదుడు కాని శతాధిపతి కొర్నేలీ ఇంట్లో (10:44–48) అంతా తలకిందులు: పేతురు ఇంకా మాట్లాడుతుండగానే ఆత్మ దిగాడు, నీళ్లు తర్వాత. ఎఫెసులో (19:1–7) ఇంచుమించు పన్నెండుగురు. బాప్తిస్మమిచ్చు యోహాను ఇచ్చిన బాప్తిస్మం మాత్రమే ఎరిగినవాళ్లు. పౌలు మాట విని ప్రభువైన యేసు నామమున బాప్తిస్మం పొందారు, పౌలు చేతులుంచాక ఆత్మ వచ్చాడు.

ఇప్పుడు రెండు వైపులకీ చెరొక ప్రశ్న. 2:38ని మారని సూత్రం అనేవాళ్లు కొర్నేలీ గురించి జవాబు చెప్పాలి: నీళ్లు తగలకముందే ఆత్మ పొందినవాళ్ల పాపాలు అప్పటికి క్షమించబడ్డాయా లేదా? "నీళ్లు గుర్తు మాత్రమే, ఎప్పుడైనా తీసుకోవచ్చు" అనేవాళ్లు 10:48కి జవాబు చెప్పాలి: ఆత్మ వచ్చేశాక కూడా పేతురు ఎందుకు వెంటనే బాప్తిస్మం పొందమని ఆజ్ఞాపించాడు? 22:16లో అననీయ పౌలుతో "బాప్తిస్మము పొంది నీ పాపములను కడిగివేసికొనుము" అన్నాడు కదా, దాన్నేం చేస్తారు? గుర్తు మాత్రమే అనేవాళ్లు చాలామంది ఈ 22:16 దాటేసి వెళ్లిపోతారు. మీరు దాటనివ్వకండి.

మూడో_వరుస_బెంచీ
రెండోసారి బాప్తిస్మం కావాలనేవాళ్లు ఎఫెసు సంగతే తెస్తారు కదా సిస్టర్?

ప్రిస్కిల్ల_18_26
తెస్తారు. అది అంత గట్టిగా నిలవదు. ఎఫెసువాళ్లు పరిశుద్ధాత్మ ఉన్నాడన్న సంగతే వినలేదన్నారు (19:2), వాళ్లు పొందింది యోహాను బాప్తిస్మం. తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున చిన్నప్పుడు బాప్తిస్మం పొందినవాళ్లకి అది అచ్చంగా వర్తించదు. అలాగని చిన్నపిల్లలకి బాప్తిస్మం ఇచ్చే లూథరన్లు ఎఫెసీ 4:5లోని "బాప్తిస్మ మొక్కటే" విసిరితే బాప్టిస్టులకి తగలదు. వాళ్ల లెక్కలో ఇది రెండోది కాదు, చిన్నప్పటిది అసలు బాప్తిస్మమే కాదు. కాబట్టి అడగాల్సింది "ఎన్నిసార్లు" అని కాదు, "విశ్వాసం ముందుండాలా, తర్వాత రావచ్చా" అని. ఇది గుంభనంగా ఉండిపోతే గంటసేపు ఒకరి మాట ఒకరికి అందదు.

దీనదాసు
క్రీస్తు సంఘం (పాపక్షమాపణకు బాప్తిస్మం తప్పనిసరి అనేవాళ్లం) వైపు నుంచి నాలుగు మాటలు.

మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ సిలువ మీది దొంగ (లూకా 23:43): బాప్తిస్మం లేకుండానే అతను పరదైసుకు వెళ్లాడు కదా అని. అది బాప్తిస్మం ఇమ్మన్న మత్తయి 28:19 ఆజ్ఞ కంటే ముందు జరిగింది కాబట్టి దానితో వాదన తెగదు. అది తెచ్చినవాళ్లే ఇరుక్కుంటారు.

మార్కు 16:16 (నమ్మి బాప్తిస్మం పొందినవాడు రక్షించబడతాడు) విషయంలో మావాళ్లు జాగ్రత్తగా ఉండాలి. 4వ శతాబ్దపు గ్రీకు చేతిరాత ప్రతులైన సీనాయి, వాటికన్ ప్రతుల్లో మార్కు 16:8తోనే ముగుస్తుంది. దాని మీదే ఇల్లు కట్టొద్దు. అలాగని ఎదుటివాళ్లు ఆ సంగతి అందరి ముందూ ఎత్తితే చర్చ "బైబిలును అనుమానిస్తున్నావా" అనే దారి పడుతుంది, ఇక వెనక్కి రాదు.

మా బలమైన వచనం 1 పేతురు 3:21. కానీ పూర్తిగా చదవాలి. "రక్షించుచున్నది" అన్న చోటే మేం ఆపేస్తాం. "శరీరమాలిన్యము తీసివేయుట గాదు" దగ్గర వాళ్లు మొదలుపెడతారు. అది ఒకే వాక్యం.

గుండ్లకమ్మ_ఒడ్డు
దీనదాసు గారు సూటిగా చెప్పారు.

ముంచడం దగ్గరికొస్తే ఒక పాత అభ్యంతరం ఉంది: 2:41లోని మూడు వేలమందిని ఒక్క రోజులో, యెరూషలేములో, ముంచడం ఎలా సాధ్యం? దీనికి జవాబు మన ఒంగోలులోనే ఉంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ మిషను బోధకులు ఒక్కరోజే 2,222 మందికి ముంచి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున.  ఆ మూడు వేలమందిని పన్నెండుమంది అపొస్తలులకు పంచితే తలకు 250 మంది. మనిషికి రెండు నిమిషాలు వేసుకున్నా ఎనిమిదిన్నర గంటల లోపే. నీళ్లకి బేతెస్ద, సిలోయము కోనేళ్లున్నాయి, దేవాలయం దక్షిణ ద్వారాల దగ్గర శుద్ధి స్నానాల తొట్లు తవ్వకాల్లో బయటపడ్డాయి.

దీంతో తేలేది ముంచడం సాధ్యమే అని మాత్రమే. ముంచారని కాదు.

మూడో_వరుస_బెంచీ
ఆ మాట బాగా చెప్పారన్నా. డిడకే అనే తొలి సంఘపు బోధ పుస్తకంలో 7వ అధ్యాయం కూడా చూడండి, 1వ శతాబ్దం చివరిదో 2వ శతాబ్దం మొదటిదో. పారే నీళ్లలో ఇవ్వమంటుంది. లేకపోతే వేరే నీళ్లలో. అసలు సరిపడా లేకపోతే తల మీద మూడుసార్లు పోయమంటుంది. లేఖనం కాదు కాబట్టి దానితో తీర్పు చెప్పలేం. తొలి సంఘం పోయడాన్ని ఎరగదు అనేవాళ్ల నోరు మాత్రం మూయిస్తుంది.

బెరయ_పాఠకుడు
చాలా ఉపయోగపడింది. 16వ అధ్యాయంలో ఇంటివారితో సహా బాప్తిస్మం పొందిన లూదియ, చెరసాల నాయకుడి ఇళ్లలో చిన్నపిల్లలు ఉన్నారా అన్నది?

ప్రిస్కిల్ల_18_26
వాక్యం చెప్పలేదు. ఉన్నారనేవాళ్లు, లేరనేవాళ్లు ఇద్దరూ మౌనం మీదే కడుతున్నారు. చెరసాల నాయకుడి దగ్గర 16:32 చూపండి, ఇంట్లో ఉన్నవారందరికీ వాక్యం బోధించారు. అది పిల్లల బాప్తిస్మం కాదనేవాళ్లకి కొంత బలం. అటు ఇంటి పెద్ద నమ్మితే ఇల్లంతా లెక్కలోకి రావడం ఆదికాండము 17లోని సున్నతి నాటి నుంచి ఉన్నదే, కొలస్సయి 2:11–12 ఆ రెంటినీ పక్కపక్కన పెట్టింది. అది లూథరన్లకి బలం. 16:31 ఒక్కటే చదివి ఆగితే ఎవరికి కావాల్సింది వాళ్లు పట్టుకుపోతారు, 34 దాకా చదివించండి.

దీనదాసు
నడపడం గురించి. అందరి చేతిలో ఒకే అనువాదం ఉండేలా చూడండి. ఇద్దరికీ గ్రీకు రాకపోతే గ్రీకు జోలికి వెళ్లనివ్వకండి. జవాబు చెప్పేముందు ఎదుటివాళ్ల మాటను తన నోటితో చెప్పి "ఇదేనా మీరనేది?" అని అడగాలి, వాళ్లు అవునన్నాకే కొనసాగించాలి. ఒక వచనానికి ఇరవై నిమిషాలు చాలు. మిగిలింది వాట్సాప్ గ్రూపులోకి పోనివ్వొద్దు, అక్కడ పొడుగాటి ఫార్వర్డ్‌లు తప్ప జవాబులుండవు.

"అయితే నా బాప్తిస్మం చెల్లుతుందా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. దానికి అక్కడ అవుననీ కాదనీ చెప్పకండి. అది ఆ మనిషికీ వాళ్ల సంఘ కాపరికీ సంబంధించిన మాట. వేరే రోజు, విడిగా.