పట్టిక కంఠతా వచ్చినా ఇంగ్లీషు ప్రత్యయాలు వాడుకలోకి ఎందుకు రావడం లేదు?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని)

అందరికీ నమస్కారం. నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంటూ బ్యాంకు పరీక్షలకు సిద్ధమవుతున్నాను. ఇంగ్లీషు పదసంపద పెరగాలంటే మాటల చివర చేరే ప్రత్యయాలను నేర్చుకోవాలని కోచింగులో ఒక పట్టిక ఇచ్చారు. అది మొత్తం కంఠతా వచ్చింది గాని, చిక్కంతా రాసేటప్పుడే వస్తోంది. 'అగ్రీ' నుంచి 'అగ్రిమెంట్' వచ్చింది కదా అని 'డిసైడ్' నుంచి 'డిసైడ్‌మెంట్' రాశాను, కొట్టివేశారు. 'కుక్' అంటే వండడం కనుక 'కుక్కర్' అంటే వంటవాడు అని రాస్తే తరగతి అంతా నవ్వింది. ఏ మాటకు ఏ ప్రత్యయం చేరుతుందో తెలుసుకోవడానికి నియమం ఏదైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

జవాబు (విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు)

అమ్మా, అటువంటి నియమం పూర్తిగా ఇంగ్లీషులో లేదు. ఆ మాటకొస్తే మన భాషలోనూ లేదు. మంచికి 'తనం' చేర్చి మంచితనం అంటాం, పేదకు 'రికం' చేర్చి పేదరికం అంటాం, మంచిరికం అని మాత్రం ఎవరూ అనరు. పెద్దకు రెండూ చేరతాయి గాని, పెద్దతనం వయసును చెబితే, పెద్దరికం నలుగురిలో మాట చెల్లుబాటు కావడాన్ని చెబుతుంది. వీటిని మనం పట్టిక చూసి నేర్చుకోలేదు. ముందు మాటలు చెవిన పడ్డాయి, అవి తద్ధితాలన్న సంగతి ఎప్పుడో బడిలో తెలిసింది. ఇంగ్లీషును కూడా ఆ వరుసలోనే పట్టుకొని, మీ నోట ఇప్పటికే ఉన్న మాటలను విప్పి చూడండి.

ఉద్యోగ పరీక్షలు రాసేవారికి నోటిఫికేషన్, క్వాలిఫికేషన్, వెరిఫికేషన్ అనేవి ఊతపదాల వంటివి. వాటి చివరనున్న 'ఫికేషన్' తీసి 'ఫై' పెడితే నోటిఫై, క్వాలిఫై, వెరిఫై అనే క్రియలు బయటపడతాయి. లేఅవుట్ల రెగ్యులరైజేషన్ గురించి పత్రికల్లో చదువుతూనే ఉంటాం. అందులో 'రెగ్యులర్' అనే విశేషణం మీద 'ఐజ్' చేరి క్రియ అయింది, ఆ క్రియ మీద 'ఏషన్' చేరి నామవాచకం అయింది. ఈ జతలు చాలావరకు నిలుస్తాయి, సాటిస్‌ఫై నుంచి సాటిస్‌ఫాక్షన్, రికగ్నైజ్ నుంచి రికగ్నిషన్ వచ్చినట్టు కొన్ని దారి తప్పుతాయి. 'మిట్'తో ముగిసే క్రియలు చాలావరకు అడ్మిషన్, పర్మిషన్‌లలో వలె 'మిషన్' అవుతాయి. మీ 'డిసైడ్' సంగతికి వస్తే, డివైడ్ నుంచి డివిజన్ వచ్చినట్టే డిసైడ్ నుంచి డెసిషన్ వచ్చింది. రెవెన్యూ డివిజన్ అనే మాట తెలిసినవారికి ఈ మార్పు కొత్తది కాదు. ఎడ్యుకేషన్‌లో 'ఎడ్యుకేట్' నాటి టి అక్షరం అలాగే నిలిచిపోగా, ఈ రెండింటిలో డి పోయి ఎస్ వచ్చింది. కనుక క్రియ తెలిస్తే స్పెల్లింగు కూడా చాలావరకు దొరుకుతుంది.

'ఎర్' ప్రత్యయం పని చేసే మనిషికీ చేరుతుంది, పనిముట్టుకూ చేరుతుంది: డ్రైవర్ మనిషి, గ్రైండర్ యంత్రం. 'కుక్' అనే పేరును వంటవాడు ముందే తీసుకున్నందువల్ల 'కుక్కర్' పాత్రకు మిగిలింది. నవ్వినవారిలో ఎంతమందికి ఈ కారణం తెలుసో నాకు అనుమానమే. చదివేటప్పుడు కొత్త మాట అర్థాన్ని ఊహించడానికి ప్రత్యయం బాగా పనికివస్తుంది గాని, రాసేటప్పుడు మాత్రం నిఘంటువు చూడకుండా మాటను తయారుచేయవద్దు. 'లెస్' అంటే లేనిది అని పట్టిక చెబుతుంది; 'వాల్యూలెస్' విలువ లేనిదే, అయితే 'ప్రైస్‌లెస్' వెల కట్టలేనిది. దీనికి ఆశ్చర్యపడనక్కరలేదు, మన 'అమూల్యం' కూడా అక్షరాలా మూల్యం లేనిదే.

జవాబు (ఆసుపత్రి నర్సు)

మాస్టారి మాటను గౌరవిస్తూనే ఒక సవరణ చెబుతాను: మా రంగంలో పట్టికే అన్నం పెడుతుంది. వైద్యంలోని ప్రత్యయాలలో చాలావాటిని గ్రీకు నుంచి కావాలని తీసుకొని మాటలు కట్టారు కనుక అవి ఎక్కువగా క్రమం తప్పవు. 'ఐటిస్' అంటే వాపు: టాన్సిలైటిస్, అపెండిసైటిస్, ఆర్థ్రైటిస్. 'ఎక్టమీ' అంటే కోసి తీసివేయడం, కనుక గర్భసంచి తీసే ఆపరేషన్ హిస్టెరెక్టమీ. 'ఆటమీ' కోత పెట్టడం మాత్రమే. 'ఆస్టమీ' అయితే బయటికి ద్వారం ఏర్పాటు చేయడం, కొలాస్టమీ అలాంటిదే. యాంజియోగ్రామ్ అనగానే ఆపరేషన్ అయిపోయిందని కంగారుపడే బంధువులను రోజూ చూస్తుంటాను. 'గ్రామ్' అంటే నమోదైన చిత్రం, 'ప్లాస్టీ' అంటే సరిదిద్దడం. గుండె రక్తనాళాన్ని యాంజియోగ్రామ్‌లో చూస్తారు, యాంజియోప్లాస్టీలో వెడల్పు చేస్తారు. అయితే 'ఓమా' అంటే కణితి అని నేర్చుకొని, గ్లాకోమాను కూడా కణితి అనుకోకూడదు. అది కంటి నరం దెబ్బతినే జబ్బు.

జవాబు (దస్తావేజు లేఖరి)

నామినీ, ట్రైనీ వంటి మాటలలోని 'ఈ' ప్రత్యయం ఎవరికి ఆ పని జరుగుతుందో వారిని చెబుతుంది. మా వద్ద ఎక్కువమంది పొరబడేది మార్ట్‌గేజీ దగ్గర. అప్పు పుచ్చుకొన్నవాడే మార్ట్‌గేజీ అనుకుంటారు, నిజానికి ఆస్తిని తనఖా పెట్టుకొన్న బ్యాంకు మార్ట్‌గేజీ, తనఖా ఇచ్చిన యజమాని మార్ట్‌గేజర్. బ్యాంకు ఉద్యోగానికి వెళ్లే అమ్మాయి కనుక ఇది చెబుతున్నాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీరు చెప్పినట్టే రెండు రోజులుగా ఇంట్లో వినబడే 'షన్' మాటలన్నీ ఒక నోటుపుస్తకంలో విప్పుతున్నాను. రిజిస్ట్రేషన్, రిజర్వేషన్, ప్రమోషన్, పెన్షన్ అని రాసుకొంటూ పోతే మొదటి మూడింటికి క్రియలు దొరికాయి. పెన్షన్‌కు దొరకలేదు, స్టేషన్‌కు, రేషన్‌కు కూడా దొరకలేదు.

జవాబు (విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు)

దొరకవమ్మా. ఆ మూడింటి మూలక్రియలు లాటిన్‌లోనే ఉండిపోయాయి. నిలబడడం అనే క్రియ నుంచి స్టేషన్, తూచి చెల్లించడం అనే క్రియ నుంచి పెన్షన్, లెక్కించడం అనే క్రియ నుంచి రేషన్ వచ్చాయి. ఇంగ్లీషులోకి క్రియ రాకుండా నామవాచకమే వచ్చింది కనుక వీటిని విప్పడానికి ప్రయత్నించక, విడిగా మరొక పేజీలో రాసుకోండి.