49 అంగుళాల కర్వ్‌డ్ మానిటర్‌కి ఏ ఆర్మ్ ఆగుతుంది?

వెడల్పుతెర:
అందరికీ నమస్తే. 49 అంగుళాల 32:9 మానిటర్ వాడుతున్నాను, కర్వ్ 1000ఆర్. మానిటర్ బానే ఉంది కానీ దాని స్టాండ్ కాళ్లే టేబుల్ సగం తినేశాయి. కీబోర్డు ఆ కాళ్ల మధ్య ఇరికించాల్సి వస్తోంది. టేబుల్‌కి బిగించి మానిటర్‌ని గాల్లో పట్టుకునే ఆర్మ్ పెడదామని వెతికితే ప్రతి దాని మీదా ‘హెవీ డ్యూటీ’ అనే రాసి ఉంది. స్టాండ్ తీసేస్తే మానిటర్ 12 కిలోల దగ్గర తూగుతుంది. 15 కిలోలు మోస్తుందని రాసిన ఆర్మ్ తీసుకుంటే సరిపోతుందా? టేబుల్ 25 మి.మీ. పార్టికల్ బోర్డు, లోతు 75 సెం.మీ., వెనకే గోడ. ఈ సైజువి వాడుతున్నవాళ్లు కాస్త చెప్పండి.

తూకంరాయి:
కిలోల లెక్క ఒక్కటే చూస్తే దెబ్బ తింటారండీ. ఆర్మ్ మీద రాసే బరువు సాధారణంగా ఫ్లాట్ ప్యానెల్‌ని దృష్టిలో పెట్టుకుని రాసేది. కర్వ్ ఉన్నప్పుడు బరువు వీసా ప్లేట్ (మానిటర్ వెనక ఆర్మ్‌ని స్క్రూలతో బిగించే ప్లేట్) దగ్గర ఆగదు, ముందుకు జరుగుతుంది. 1000ఆర్ అంటే వంపు వ్యాసార్ధం 1000 మి.మీ. 49 అంగుళాల 32:9 తెర వెడల్పు సుమారు 120 సెం.మీ. ఈ రెండూ పెట్టి లెక్క కడితే తెర అంచులు మధ్యభాగం కంటే దాదాపు 17 సెం.మీ. ముందుకు వస్తాయి. అదే వెడల్పు 1800ఆర్ అయితే 10 సెం.మీ. లోపే. 34 అంగుళాల 21:9, 1800ఆర్ అయితే నాలుగైదు సెం.మీ. మాత్రమే.

నిండు బకెట్‌ని ఒంటికి ఆనించి పట్టుకోవడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఎంత తేడానో ఇక్కడా అంతే. బకెట్ బరువు మారదు, మణికట్టు మాత్రం అరుస్తుంది. ఆర్మ్‌కి మణికట్టు అంటే వీసా ప్లేట్ వెనక ఉండే, తెరని కిందికీ పైకీ వంచే టిల్ట్ జాయింట్. కర్వ్‌డ్ మానిటర్లతో ముందు చేతులెత్తేసేది అదే. ఆర్మ్ ఎత్తు దిగకుండా నిలబడుతుంది, తెర మాత్రం మెల్లగా తల వంచేస్తుంది.

వెడల్పుతెర:
అంటే టిల్ట్ జాయింట్ బలం స్పెసిఫికేషన్‌లో విడిగా ఇస్తారా?

తూకంరాయి:
చాలామంది ఇవ్వరు. కర్వ్ గురించి విడిగా రాశారేమో చూడండి. ‘49 అంగుళాలు, 1000ఆర్ వరకు’ అని తేల్చి చెప్పిన మోడల్ అయితే కొంత నమ్మవచ్చు. ‘17 నుంచి 49 అంగుళాలు’ అని మాత్రమే రాసి ఊరుకుంటే ఆ అంకెకి పెద్ద అర్థం లేదు. అంగుళాలు బరువునీ చెప్పవు, వంపునీ చెప్పవు. ఎర్గోట్రాన్ కంపెనీ వాళ్ల హెచ్‌ఎక్స్ ఆర్మ్‌కి ఇలాంటి లోతైన కర్వ్‌ల కోసమే హెవీ డ్యూటీ టిల్ట్ పివట్ అని ఇంకా బలమైన టిల్ట్ జాయింట్ విడిగా తెచ్చారు. సమస్య జాయింట్‌లోనే ఉందని కంపెనీలకీ తెలుసు మరి.

రాత్రిడ్యూటీ:
తూకంరాయి గారు చెప్పింది నూటికి నూరు శాతం నిజం. నాది కూడా 1000ఆర్ కర్వే. మొదట వాడిన ఆర్మ్ (పేరు వద్దులెండి) కాగితం మీద నా మానిటర్ బరువు కంటే మూడు కిలోలు ఎక్కువే మోయాలి. పొద్దున నిటారుగా పెడితే మధ్యాహ్నానికి కీబోర్డు వైపు చూస్తూ ఉండేది. టిల్ట్ స్క్రూ ఎంత బిగించినా అంతే. ఇంకా బిగిస్తే అసలు కదలదు, కొంచెం వదిలితే వంగిపోతుంది, మధ్యస్థం లేదు. పెద్ద పివట్ ఉన్నదానికి మారాక ఆ గోల పోయింది.

అలెన్‌కీ:
బరువు విషయంలో ఇంకోటి. మ్యాగ్జిమమ్ చూస్తారు గానీ మినిమమ్ ఎవరూ చూడరు. ఎర్గోట్రాన్ హెచ్‌ఎక్స్ 9.1 నుంచి 19.1 కిలోల వరకు. అదే కంపెనీ ఇంకో ఆర్మ్ ఎల్ఎక్స్ గరిష్ఠం 11.3 కిలోలు. ‘బలమైనది కొంటే పోలా’ అని ఏడు కిలోల 34 అంగుళాల మానిటర్‌ని హెచ్‌ఎక్స్‌కి తగిలిస్తే స్ప్రింగ్ దాన్ని పైకి తోస్తూనే ఉంటుంది. వెడల్పుతెర గారి 12 కిలోలు దాని రేంజ్‌లోకి హాయిగా వస్తుంది. ఎల్ఎక్స్ మాత్రం దాటేసింది, అటు చూడొద్దు.

స్పెక్ షీట్‌లో ‘స్టాండ్‌తో’, ‘స్టాండ్ లేకుండా’ అని రెండు బరువులు ఉంటాయి. రెండోదే మనకి కావాల్సింది. వీసా అడాప్టర్ ప్లేట్ ఉంటే దాని బరువు కూడా కలపండి.

పోల్‌మౌంట్_పక్షం:
అందరూ స్ప్రింగ్ ఆర్మ్ గురించే మాట్లాడుతున్నారు. నిలువు స్తంభం ఉన్న పోల్ మౌంట్ ఎందుకు వద్దు బ్రో? ఎత్తు ఒకసారి కాలర్ బిగించి వదిలేయడమే. స్ప్రింగ్ లేదు కాబట్టి ఏళ్లు గడిచాక కిందికి జారడం అనే మాటే లేదు. 49 అంగుళాల తెరని రోజూ పైకీ కిందికీ ఎవరు జరుపుతారు చెప్పండి? మోసే బరువు ఎక్కువ, ఖరీదు తక్కువ. కాకపోతే ఎత్తు మార్చాలంటే ఇంకో మనిషి కావాలి, అది ఒప్పుకుంటాను.

రాత్రిడ్యూటీ:
ఒక్కరే కూర్చునే టేబుల్ అయితే పోల్ మౌంట్ మంచి సలహా. మా ఇంట్లో పగలు ఒకరు, రాత్రి ఒకరు అదే టేబుల్ వాడతాం, ఎత్తు రోజుకి రెండుసార్లు మారుతుంది. మాకు కుదరదు. ఇంకో మాట, పోల్ మౌంట్ అయినా చివర్లో ఉండేది అదే టిల్ట్ జాయింట్. కర్వ్ గొడవ అక్కడా ఉంటుంది.

చెక్కపని:
ఆర్మ్ సంగతి సరే, అది పట్టుకునే టేబుల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు ఎక్కువ టెన్షన్ అక్కడే. ఆర్మ్‌ని 60 సెం.మీ. ముందుకు చాచి చివర 12 కిలోలు పెట్టారనుకుందాం. టేబుల్ అంచుని పైనా కిందా పట్టుకునే క్లాంప్ బేస్ లోతు 10 సెం.మీ. అనుకుంటే, బేస్ ముందు అంచు టేబుల్‌ని సుమారు 70 కిలోల బలంతో కిందికి నొక్కుతుంది. కింద ఉన్న చిన్న గుండ్రటి ప్యాడ్ దాదాపు అంతే బలంతో పైకి తోస్తుంది. ఆర్మ్ సొంత బరువు ఈ లెక్కలో లేదు. గట్టి చెక్కకి ఇది పెద్ద లెక్క కాదు. పార్టికల్ బోర్డు మాత్రం మెల్లగా గుంట పడుతుంది, అంచు దగ్గర అయితే ఉబ్బి పగులుతుంది. లోపల అట్టతేనెపట్టు నింపి పైన పలుచని షీట్ వేసిన బోలు టేబుళ్లు ఉంటాయే, వాటికి క్లాంప్ పెట్టనే వద్దు. గాజు టేబుల్ గురించి చెప్పక్కర్లేదు.

మీది 25 మి.మీ. నిండు పార్టికల్ బోర్డు కాబట్టి పర్వాలేదు, కానీ పైనా కిందా స్టీల్ ప్లేట్ వేయండి. రీఇన్ఫోర్స్‌మెంట్ ప్లేట్ అని రెడీగా దొరుకుతాయి. లేదా మూడు నాలుగు మి.మీ. ఇనుప రేకు బేస్ కంటే రెట్టింపు సైజులో కోయించుకోండి. రేకుకీ బోర్డుకీ మధ్య పలుచటి రబ్బరు షీట్ ఉంటే జారదు, గీతలు పడవు.

వెడల్పుతెర:
టేబుల్ తట్టి చూశాను, నిండుగానే ఉంది. వెనక అంచు కింద ఒక ఇనుప అడ్డపట్టీ ఉంది, క్లాంప్ దానికి తగిలేలా ఉంది. అప్పుడు గ్రోమెట్‌కి, అంటే టేబుల్‌కి రంధ్రం వేసి బోల్టుతో బిగించే పద్ధతికి వెళ్లాలా?

చెక్కపని:
పట్టీకి అవతల క్లాంప్ దవడ పట్టే చోటు ఉందేమో ముందు కొలవండి. క్లాంప్ పట్టే మందం కూడా చూడండి, స్టీల్ ప్లేట్లు వేశాక మందం పెరుగుతుంది కదా. లేకపోతే గ్రోమెటే మేలు. బోల్టు బోర్డుని దాటి కింద ప్లేట్‌కి బిగుసుకుంటుంది. రంధ్రం అంచు నుంచి కాస్త లోపలికి ఉంటుంది కాబట్టి పగిలే భయం కూడా తక్కువ. కాకపోతే రంధ్రం వేశాక వెనక్కి తిరగలేం. ముందు మానిటర్ ఎక్కడ ఉండాలో తేల్చుకుని తర్వాత డ్రిల్లు పట్టుకోండి.

గోడపక్కన:
ఆ ‘ఎక్కడ ఉండాలో’ అన్నదే అసలు చిక్కు. 1000ఆర్‌ని తయారుచేసిన ఉద్దేశం ప్రకారం కళ్లు ఆ వంపు కేంద్రం దగ్గర, అంటే తెరకి మీటరు దూరంలో ఉంటే బాగుంటుంది. 75 సెం.మీ. టేబుల్ మీద అంత దూరం రావాలంటే తెర మధ్యభాగాన్ని గోడకి వీలైనంత దగ్గరికి తొయ్యాలి. అక్కడ ఆర్మ్ అడ్డొస్తుంది. వెనక్కి నెట్టగానే మోచెయ్యి పక్కకో గోడలోకో వెళ్తుంది. చాలా ఆర్మ్‌లు పూర్తిగా మడిచినా గోడకీ ప్యానెల్‌కీ మధ్య బాగానే ఎడం అడుగుతాయి. డ్రాయింగ్‌లో ‘ఎంత దూరం చాచవచ్చు’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది, ‘మడిస్తే ఎంత’ అన్నది వెతుక్కోవాలి. మీకు రెండోదే ముఖ్యం. బేస్‌ని మధ్యలో కాకుండా ఒక పక్కకి జరిపి బిగిస్తే మోచెయ్యి గోడ వెంబడి పడుకుంటుంది, 120 సెం.మీ. తెర వెనక అది ఎవరికీ కనపడదు.

ఇటుక గోడో కాంక్రీట్ గోడో అయితే, అది మీ సొంతం అయితే, టీవీ వాల్ బ్రాకెట్ గురించి కూడా ఆలోచించండి. టేబుల్ మీద భారం సున్నా, టైప్ చేస్తుంటే తెర ఊగడం సున్నా.

పోల్‌మౌంట్_పక్షం:
ఊగడం అన్నది నిజం. ఎత్తు పెంచే మోటార్ టేబుల్ అయితే నిలబడ్డప్పుడు ఇంకా ఎక్కువ. అలాంటి టేబుల్ ఉంటే వాల్ బ్రాకెట్ మాత్రం వద్దు, టేబుల్ లేస్తుంది, తెర అక్కడే ఉంటుంది 😄

అలెన్‌కీ:
బిగించేటప్పుడు జాగ్రత్తలు రాస్తున్నా, ఎందుకంటే వీటికి దెబ్బలు తగిలించుకునేవాళ్లు ఎక్కువ. స్ప్రింగ్ ఆర్మ్‌కి మానిటర్ లేనప్పుడు అది పైకి తన్నే ఉంటుంది. దాన్ని కిందికి వంచి చెయ్యి వదిలితే మొహం మీదికి వస్తుంది. మానిటర్ తీసేటప్పుడు కూడా అంతే, ముందు ఆర్మ్‌ని పూర్తిగా పైకి లేపి అప్పుడు స్క్రూలు విప్పండి. ఎత్తడానికి ఇద్దరు ఉండాలి, ఒకరు పట్టుకుంటే ఒకరు బిగించాలి. కర్వ్‌డ్ ప్యానెల్‌ని అంచుల దగ్గర మాత్రమే పట్టుకుని ఎత్తొద్దు, వెనక మధ్యభాగానికి ఒక చెయ్యి ఆసరా ఇవ్వండి. టెన్షన్ సెట్టింగ్ మానిటర్ తగిలించాకే చెయ్యాలి. వదిలితే కిందికి జారుతోందంటే బిగించాలి, పైకి లేస్తోందంటే వదలాలి. పెద్ద బరువులకి అలెన్ కీ చాలా చుట్లు తిప్పాల్సి వస్తుంది, ఏదో పాడైందని మధ్యలో ఆపెయ్యకండి.

వీసా 100×100కి ఎం4 స్క్రూలు. వెనక రంధ్రాలు గుంటలో ఉంటే స్పేసర్లు, వాటికి తగ్గ పొడవు స్క్రూలు కావాలి. అడాప్టర్ మానిటర్ బాక్సులోనే రావచ్చు, బాక్సు పారేసే ముందు వెతకండి. ప్లేట్ బిగుసుకోకముందే స్క్రూ ఆగిపోతే బలవంతం చేయొద్దు, పొడవు ఎక్కువైనట్టే.

వెడల్పుతెర:
బాక్సు ఇంకా అటక మీద ఉంది, అందులో గుండ్రటి ప్లేట్ ఒకటి దొరికింది. అది ఇదేనన్నమాట. గోడ వైపు కొలిచాను, మడిచిన ఆర్మ్‌కి 12 సెం.మీ. ఖాళీ ఇవ్వగలను. రేకు కోయించడానికి ఇస్తున్నాను. తెర పక్కకి వాలకుండా, అంటే ఒక మూల పైకీ ఒక మూల కిందికీ అవ్వకుండా ఏం చెయ్యాలి?

రాత్రిడ్యూటీ:
వీసా ప్లేట్ వెనక రొటేషన్ ఆపే చిన్న స్క్రూ చాలా మోడళ్లకి ఉంటుంది, లెవెల్ చూసుకుని దాన్ని బిగించండి. ఇంత వెడల్పు తెరని నిలువుగా తిప్పే పని ఎలాగూ ఉండదు. కేబుళ్లు మాత్రం ఆర్మ్‌ని పూర్తిగా చాచి, పూర్తిగా పైకి లేపి, అప్పుడు పొడవు చూసి కట్టండి. మడిచి ఉన్నప్పుడు కడితే మొదటిసారి లాగగానే డిస్‌ప్లేపోర్ట్ పిన్ మీద పడుతుంది భారం.