రీకోనింగ్ చేశాక ఊఫర్‌లో గరగర... ఎవరైనా చెప్పండి ప్లీజ్

కాకినాడ సుబ్బు:
అందరికీ నమస్కారం. నాన్నగారు కువైట్ నుంచి తెచ్చిన స్పీకర్లు, చాలా ఏళ్లుగా అటక మీద పడున్నాయి. దించి చూస్తే ఊఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) చుట్టూ ఉండే ఫోమ్ వేలు తగిలితే చాలు పొడిపొడిగా రాలిపోయింది. కొత్త ఫోమ్ తెప్పించి ఇంట్లో నేనే రీకోనింగ్ చేశాను. ఇప్పుడు పాట పెడితే గరగరమని ఒకటే చప్పుడు. వాల్యూమ్ తగ్గించినా పోవట్లేదు. తబలా, బేస్ గిటార్ వచ్చినప్పుడైతే మరీ ఘోరం. పొద్దున్నుంచి దీని ముందే కూర్చున్నా. అంటించింది పీకడం, మళ్లీ అంటించడం, ఇదే పని. వీడియోల్లో వాళ్లేమో పావుగంటలో చేసి చూపిస్తారు. పాత సామాన్ల వాడొస్తే వేసేయమని ఇంట్లో గొడవ. ఏం చేయాలో అర్జెంటుగా చెప్పండి. యాంప్లిఫయర్ బాగానే ఉంది, దాని గురించి అడగొద్దు.

చింటు:
ఏ స్పీకర్? ఎన్ని అంగుళాలు? రెండూ గరగరేనా, ఒకటేనా? ఫోటో?

ఓమ్స్ రవి:
సుబ్బు గారూ, అటక మీద అన్నేళ్లున్న స్పీకర్ అంటున్నారు. ముందు క్రాసోవర్ (బేస్‌ని ఊఫర్‌కి, సన్న శబ్దాల్ని ట్వీటర్‌కి పంచే సర్క్యూట్) విప్పి కెపాసిటర్లు చూడండి. ఆ కాలం డబ్బాల్లో ఎక్కువగా నాన్ పోలార్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లే వాడేవారు. లోపలి ద్రవం ఎండిపోయి విలువ మారిపోతుంది, ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్) పెరుగుతుంది. మీటర్‌తో కొలిచేటప్పుడు కనీసం ఒక కాలైనా సర్క్యూట్ నుంచి ఊడదీయాలి, లేకపోతే తప్పు రీడింగ్ వస్తుంది. నా మాట విని అన్నీ తీసేసి పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్లు వేయండి. జన్మలో మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. మన గ్రూపులో అందరూ ఫోమ్, ఫోమ్ అని దాని వెంట పడతారు కానీ అసలు సౌండ్ అంతా క్రాసోవర్‌లో ఉంది.

కాకినాడ సుబ్బు:
రవి గారూ, క్రాసోవర్ నేను ముట్టుకోనే లేదు. ఫోమ్ వేయకముందు ఈ గరగర లేదు. చింటు గారూ, కంపెనీ బ్యాడ్జి ఎప్పుడో ఊడిపోయింది. వెనక 8 ఓమ్స్ అని ఉంది. ఫోటో పెడదామంటే ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది.

చింటు:
ఎన్ని అంగుళాలో చెప్పలేదు. రెండూనా, ఒకటేనా అన్నదీ చెప్పలేదు.

వాల్వు మాస్టారు, తెనాలి:
బాబూ సుబ్బూ, ముందు ఆ ఊఫర్ వెనక అయస్కాంతం ఎలా ఉందో చూడు. వెడల్పుగా, నల్లగా బిళ్లలా ఉంటే ఫెరైట్. సన్నగా, పొడుగ్గా, ఇనుప డబ్బాలో మూసినట్టుంటే ఆల్నికో కావచ్చు. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం కాబట్టి ఆ పేరు. మేం రేడియోలు బాగుచేసే రోజుల్లో మంచి స్పీకర్ అంటే ఆల్నికోనే. 1978లో జైర్ (ఇప్పటి కాంగో) దేశంలోని షాబా ప్రాంతంలో యుద్ధం వచ్చి కోబాల్ట్ ధర ఆకాశానికెక్కింది. ప్రపంచంలో కోబాల్ట్ ఎక్కువగా అక్కడి గనుల నుంచే వచ్చేది మరి. దాంతో పెద్ద పెద్ద కంపెనీలు కూడా ఫెరైట్ దారి పట్టాయి. అప్పటి నుంచే గొంతులో ఆ తియ్యదనం పోయిందని నా అభిప్రాయం, ఎవరేమన్నా సరే. ఒకవేళ నీది ఆల్నికో అయితే పొరపాటున కూడా అయస్కాంతాన్ని విడదీయకు. విడదీస్తే దాని శక్తి పడిపోతుంది, మళ్లీ మ్యాగ్నెటైజ్ చేయిస్తే తప్ప పాత స్థితికి రాదు.

పద్మజ ఆడియో:
మాస్టారూ, అయస్కాంతం సంగతి తర్వాత. ఆయన సమస్య అందులో ఉన్నట్టు లేదు. సుబ్బు గారూ, నేను చెప్పినవి వరసగా చేయండి.

ముందు యాంప్లిఫయర్ దగ్గర ఎడమ, కుడి వైర్లు మార్చి పెట్టండి. గరగర అదే డబ్బాలో ఉండిపోతే తప్పు స్పీకర్‌ది. రెండో డబ్బాలోకి మారితే మీరు అడగొద్దన్న యాంప్లిఫయర్‌ది. తర్వాత ఊఫర్ ఊడదీసి బల్ల మీద వెల్లకిలా పెట్టండి. స్క్రూలు విప్పేటప్పుడు జాగ్రత్త, ఫెరైట్ అయితే స్క్రూడ్రైవర్‌ను లాక్కుంటుంది, చెయ్యి జారితే మొన నేరుగా ముందు ఆడే కోన్‌లో దిగుతుంది. కోన్ మధ్యలో ఉండే మూత, అదే డస్ట్ క్యాప్‌కి అటూ ఇటూ ఎదురెదురుగా రెండు చేతుల వేళ్లు ఆనించి, సమానంగా, మెల్లగా కిందికి నొక్కి వదలండి. చెవి దగ్గరగా పెట్టి వినండి. గరుకు కాగితం మీద గోరుతో గీసినట్టు వినిపిస్తే వాయిస్ కాయిల్ (కోన్‌ని ఆడించే తీగ చుట్ట) అయస్కాంతం గ్యాప్‌లో రాసుకుంటోందన్నమాట. ఆ తర్వాత నొక్కే చోటు మారుస్తూ పోండి. ఒక పక్క నొక్కితే చప్పుడు పోయి, ఎదురు పక్క నొక్కితే పెరుగుతోందా? అయితే ఫోమ్ అంటించేటప్పుడు కోన్ మధ్యలో లేదు. ఎటు నొక్కినా గీరుతోందా? అప్పుడు కథ వేరు.

మల్టీమీటర్ ఉంటే వైరు తీసేసి ఓమ్స్‌లో పెట్టి కొలవండి. 8 ఓమ్స్ ఊఫర్‌కి 5.5 నుంచి 7 మధ్యలో చూపిస్తే కాయిల్ బాగున్నట్టే. 8 చూపించలేదని కంగారు పడొద్దు. అది ఇంపీడెన్స్, అంటే పాట సిగ్నల్‌కి ఉండే అడ్డు. మీటర్ కొలిచేది డీసీ రెసిస్టెన్స్.

చింటు:
ఇంకోటి. రీకోనింగ్ అంటే కోన్, కాయిల్, స్పైడర్ (కోన్‌ని వెనక నుంచి పట్టి ఉంచే ముడతల గుడ్డ) అన్నీ మార్చడం. ఈయన చేసింది రీఫోమింగ్. ఆ మాట ముందే చెప్పి ఉంటే సగం ప్రశ్నలు ఉండేవి కావు.

వాల్వు మాస్టారు, తెనాలి:
చింటూ, షాపుల్లో ఏది మార్చినా రీకోనింగ్ అనే అంటారు నాయనా. బోర్డు మీద కూడా అదే రాస్తారు. స్పైడర్‌ని కొందరు డ్యాంపర్ అంటారు, ఫోమ్‌ని ఎడ్జ్ అంటారు. నీ డిక్షనరీ పట్టుకుని వెళ్తే ఎవడూ పని చెయ్యడు.

చింటు:
షాపులో ఏమైనా అనండి. ఇక్కడ సలహా చెప్పాలి కదా. కొత్త కాయిల్ వేశారా, పాతదేనా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. మాస్టారూ, మీరూ షాబా యుద్ధం దాకా వెళ్లారు కానీ ఆ ముక్క అడగలేదు.

ఓమ్స్ రవి:
ఇద్దరూ ఆగండి. గరగర అన్నంత మాత్రాన కాయిలే అనుకోనక్కర్లేదు. ఎల్ ప్యాడ్ తుప్పు పట్టినా గరగర వస్తుంది. డబ్బా ముందు ట్వీటర్ లెవెల్ తిప్పే బిరడా ఉందా సుబ్బు గారూ?

కాకినాడ సుబ్బు:
బిరడా లేదు. కరెంటు పోయి ఇప్పుడే వచ్చింది. పద్మజ గారూ, మీరు చెప్పినట్టు చేశాను. గరగర ఎడమ డబ్బాలో ఒక్కదాన్లోనే. వైర్లు మార్చినా దాన్లోనే ఉంది. కుడిది పాడుతోంది, బ్రహ్మాండంగా ఉంది. ఊఫర్ 8 అంగుళాలు. మీటర్‌లో కుడిది 6.4, ఎడమది 6.3. నొక్కితే గీరుతోంది. ఎటు నొక్కినా గీరుతోంది, ఒక పక్క అని చెప్పలేను. ఫోమ్ అంటించింది మామూలు తెల్ల ఫెవికాల్‌తోనే, అందులో తప్పేం లేదు కదా? ఎడమదానికి వీడియోలో చెప్పినట్టే డస్ట్ క్యాప్ కోసి, ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కలు నాలుగు దూర్చి, కోన్ మధ్యలో ఉండేలా చూసే అంటించాను. ఆరాక ముక్కలు తీసేశాను. కుడిదానికి ఓపిక లేక క్యాప్ కోయకుండా చేతి అంచనాతో అంటించేశాను. పద్ధతిగా చేసింది పాడవుతుంది, ఇష్టం వచ్చినట్టు చేసింది బాగుంటుంది, ఇదెక్కడి న్యాయం?

పద్మజ ఆడియో:
డస్ట్ క్యాప్ కోసిన మాట ఇప్పుడా చెప్పేది! తెల్ల ఫెవికాల్ పర్వాలేదు, కాగితం కోన్‌కి బాగా పట్టుకుంటుంది, సర్దుకోవడానికి టైమ్ కూడా ఇస్తుంది. ఫెవిక్విక్ వాడలేదు, సంతోషం. ఒక్కటి చెప్పండి. క్యాప్ కోసిన తర్వాత మళ్లీ అంటించేదాకా ఊఫర్ ఎక్కడ పెట్టారు? నోరు తెరిచే ఉంచారా?

కాకినాడ సుబ్బు:
బాల్కనీలో. ఇంట్లో పిల్లలు వేళ్లు పెడతారని. ఫోమ్ సైజు తేడా వచ్చి, మార్చి పంపేదాకా అలాగే ఉంది. పైన పేపర్ కప్పాను. కింద వాళ్లు గ్రిల్స్ పని పెట్టుకుని రోజంతా కటింగ్, గ్రైండింగ్. ఆ చప్పుడుకి బాల్కనీ తలుపు తీయలేకపోయాం. దానికీ దీనికీ ఏంటి సంబంధం?

చింటు:
😐

పద్మజ ఆడియో:
సంబంధం అంతా అక్కడే ఉందండీ. గ్రైండింగ్‌లో లేచేది ఇనుప రజను. మీరు తెరిచి పెట్టింది అయస్కాంతం గ్యాప్. స్పీకర్ మొత్తంలో ఆకర్షణ ఎక్కువగా ఉండేది ఆ సన్నటి గ్యాప్‌లోనే. పేపర్ కప్పినా సందులోంచి వెళ్లిన కాస్త రజనూ తిన్నగా అక్కడికి చేరి గోడకి నిక్కపొడుచుకుని నిలబడుతుంది. కాయిల్ ఆడినప్పుడల్లా దాన్ని గీరుకుంటూ పోతుంది. ఎటు నొక్కినా గీరడానికి కారణం అదే కావచ్చు. కోన్ పక్కకి ఒరిగి ఉంటే ఒక పక్కే గీరేది.

ఇప్పుడు చేయాల్సింది: డస్ట్ క్యాప్ మళ్లీ తీయండి. అంచు చుట్టూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో కొంచెం తడిపి, మెత్తబడ్డాక బ్లేడు మొనతో లేపండి. పెయింట్ థిన్నర్ మాత్రం దగ్గరకి రానివ్వొద్దు, కాయిల్ మీద తీగని పట్టి ఉంచే జిగురు కూడా కరిగిపోతుంది. నోటితో ఊదొద్దు, బ్లోయర్ పెట్టొద్దు. అయస్కాంతం పట్టుకున్నది గాలికి రాదు, ఇంకా లోపలికి పోతుంది. విజిటింగ్ కార్డుని సన్నటి పట్టీలా కోసి, దానికి మాస్కింగ్ టేపు జిగురు వైపు బయటికి ఉండేలా చుట్టి, మధ్య ఇనుప కడ్డీకీ కాయిల్ గొట్టానికీ మధ్య సందులో దించి, చుట్టూ తిప్పుతూ పైకి లాగండి. టేపు నల్లగా వస్తుంది. టేపు మారుస్తూ, తెల్లగా వచ్చేదాకా చేయండి. కాయిల్ తీగ మీద టేపు అతుక్కోకుండా చూసుకోండి.

ఒక ఇబ్బంది ఉంది, ముందే చెప్తున్నా. ఈ పద్ధతిలో అందేది గొట్టం లోపలి వైపు మాత్రమే. కాయిల్ బయటి వైపుకి రజను చేరితే కోన్, స్పైడర్ విప్పితే తప్ప తీయలేం. అది ఇంట్లో మొదటిసారి చేసే పని కాదు.

క్యాప్ మళ్లీ మూసే ముందు టోన్ జనరేటర్ యాప్‌లో 30 హెర్ట్జ్ పెట్టి, చాలా తక్కువ వాల్యూమ్‌లో కోన్ ఆడించి వినండి. శుభ్రంగా ఉంటేనే మూయండి.

వాల్వు మాస్టారు, తెనాలి:
అమ్మాయి బాగా చెప్పింది. నేనూ అదే చెప్పబోతున్నాను. క్యాప్ మూశాక 1.5 వోల్టుల సెల్లు తీసుకుని ప్లస్ ఎర్ర టెర్మినల్‌కి, మైనస్ నల్లదానికి ఒక్క క్షణం తాకించు. కోన్ ముందుకి రావాలి. రెండు ఊఫర్లూ ఒకేలా కదలకపోతే వైరు తిరగబడ్డట్టు, బేస్ ఒకదాన్నొకటి తినేస్తుంది.

ఓమ్స్ రవి:
అన్నిటికీ ముందుకి రాదు మాస్టారూ. పాత జేబీఎల్ ఊఫర్లలో చాలావాటికి ఎరుపుకి ప్లస్ ఇస్తే కోన్ వెనక్కి వెళ్తుంది. వాళ్ల పద్ధతే అంత.

వాల్వు మాస్టారు, తెనాలి:
జేబీఎల్ సంగతి ఎవరడిగారయ్యా? బ్యాడ్జి లేని స్పీకర్ గురించి మాట్లాడుతున్నాం.

ఓమ్స్ రవి:
బ్యాడ్జి లేదు కాబట్టే చెప్తున్నా, ఏదైనా కావచ్చు కదా. ముందుకా వెనక్కా అన్నది కాదు, రెండూ ఒకేలా కదులుతున్నాయా అన్నది చూసుకుంటే చాలు.

పద్మజ ఆడియో:
ఈసారి రవి గారి మాట నిజం. కానీ అన్నీ ఫిల్మ్ కెపాసిటర్లు వేసేయమన్నారు చూడండి, అక్కడ నాకు పేచీ. పాత ఎలక్ట్రోలిటిక్ ఈఎస్ఆర్‌ని లెక్కలో పెట్టుకుని డిజైన్ చేసిన క్రాసోవర్లు ఉంటాయి. ఫిల్మ్ వేస్తే ఆ రెసిస్టెన్స్ పోయి ట్వీటర్ కాస్త ముందుకొస్తుంది, కొందరికి చెవుల్లో గుచ్చుకుంటుంది. అలాంటప్పుడు సిరీస్‌లో అర ఓమ్ రెసిస్టర్ పెట్టి చూడాలి. లేదంటే కొత్త నాన్ పోలార్ వేసుకుంటే సరిపోతుంది, ఖర్చూ తక్కువ.

ఓమ్స్ రవి:
అర ఓమ్ తేడా చెవికి తెలుస్తుందంటే నేను నమ్మను.

పద్మజ ఆడియో:
నమ్మొద్దు, కొలవండి.

ప్రొద్దుటూరు ఫ్యాన్:
మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోవద్దు. నాదీ ఇంచుమించు ఇదే. ట్వీటర్ ఒకటి చాలా నెమ్మదిగా పాడుతోంది. మా ఊళ్లో ఒకాయన ఫోమ్ బదులు రబ్బరు వేస్తే జీవితాంతం ఉంటుందన్నాడు. వేయించొచ్చా?

చింటు:
ట్వీటర్‌కి ఫోమ్ ఏంటి సార్?

ప్రొద్దుటూరు ఫ్యాన్:
ఊఫర్‌కండీ. ట్వీటర్ వేరే ప్రాబ్లమ్.

పద్మజ ఆడియో:
ట్వీటర్‌కి వేరే పోస్టు పెట్టండి, లేకపోతే ఇది కలగాపులగం అవుతుంది. రబ్బరు గురించి ఒక్క మాట. మెత్తటి, పల్చటి రబ్బరు అయితే ఆలోచించొచ్చు. బజార్లో గట్టి రబ్బరు వేసేస్తారు. అది వేస్తే కోన్ బిగుసుకుపోయి, దాని రెజొనెన్స్ (సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) పైకి జరిగి, లోతు బేస్ పోతుంది. మీ పెట్టెలో ఒరిజినల్‌గా ఫోమ్ ఉంటే ఫోమే వేయించండి. ఫోమ్ పొడి అవడానికి గాలిలో తేమే పెద్ద కారణం. ఆ పాలియురెథేన్‌ని తేమ మెల్లగా విడగొట్టేస్తుంది, వాడినా వాడకపోయినా. కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లో అటక మీద మిగలడం కష్టమే.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఉత్త 8 అంగుళాలు అని చెప్పకండి. సుబ్బు గారికి సైజు తేడా వచ్చింది అందుకే అయ్యుంటుంది. కోన్ కాగితం అంచు నుంచి అంచుకి ఎంత, ఫ్రేమ్ మీద ఫోమ్ కూర్చునే చోటు ఎంత, రెండూ మిల్లీమీటర్లలో కొలిచి చెప్పాలి.

వాల్వు మాస్టారు, తెనాలి:
అలాగే సుబ్బూ, ఊఫర్ మళ్లీ బిగించేటప్పుడు ఇదివరకు పైన ఉన్న పక్క కిందకి వచ్చేలా తిప్పి బిగించు. ఏళ్ల తరబడి ఒకే తీరున నిలబడి ఉంటే కోన్ బరువుకి స్పైడర్ కిందికి జారుతుంది. తిప్పి పెడితే మళ్లీ సర్దుకుంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

చింటు:
ఇది మంచి పాయింట్ మాస్టారూ.

పద్మజ ఆడియో:
సుబ్బు గారూ, టేపు పెట్టి చూశారా? ఏమైంది?

ఓమ్స్ రవి:
సుబ్బు గారూ, వీలైతే క్రాసోవర్ ఫోటో కూడా పెట్టండి.

కాకినాడ సుబ్బు:
టేపు పెట్టా. నిజంగానే నల్లగా, ముళ్లు ముళ్లుగా వచ్చింది. చాలా వరకు తగ్గింది. వాల్యూమ్ బాగా పెంచితే ఎక్కడో కొంచెం ఉంది ఇంకా. క్యాప్ అంటించలేదు, మాస్టారు చెప్పినట్టు తిప్పి బిగించి వాడుతున్నా. మరదలి పెళ్లి పనులు మొదలయ్యాయి, మిగతాది తర్వాత చూస్తా. థాంక్స్ అందరికీ.

పద్మజ ఆడియో:
క్యాప్ లేకుండా వాడొద్దండీ! దుమ్ము పోతుంది. కనీసం పల్చటి గుడ్డయినా అంటించండి. కింద ఆ గ్రిల్స్ పని అయిపోయిందా?

ప్రొద్దుటూరు ఫ్యాన్:
సుబ్బు గారూ, ఫోమ్ ఎక్కడ తెప్పించారు? కోన్ అంచు 165 మిల్లీమీటర్లకి దొరుకుతుందా?