అప్‌డేట్: ఇంట్లో డీప్ ఫ్రీజర్‌కి కరెంటు ఎంత కాలింది

టెక్కలిలో మా ఇంట్లో 200 లీటర్ల డీప్ ఫ్రీజర్ పెడితే బిల్లు ఎంత పెరుగుతుందని వేసవి ముందు అడిగాను కదా. కొనేశాం. లెక్క ఇదీ.

కంప్రెసర్ రోజంతా ఆడదు, ఆగి ఆగి ఆడుతుంది. ప్లగ్గు దగ్గర చిన్న మీటరు తగిలించి చూశాను. మే ఎండల్లో రోజుకి 1.3 యూనిట్ల దగ్గర తిరిగింది. అంటే నెలకి 40.

చాలామంది దీన్ని సగటు రేటుతో గుణించేస్తున్నారు, అలా కుదరదు. మన ఆంధ్రలో స్లాబులు: 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8.75. మాకు ముందునుంచే నెలకి 200 యూనిట్లు వచ్చేది. కొత్త 40లో 25కి 150 రూపాయలు, మిగతా 15కి 131. మొత్తం 281. సర్దుబాటు ఛార్జీలు వేరే. నెలకి 120 యూనిట్లు కాల్చే ఇంటికి ఇదే ఫ్రీజర్ ఇంకాస్త చవగ్గా పడుతుంది.

వంటింట్లో పొయ్యి పక్కన వద్దని చెప్పినవాళ్లకి దండాలు. వెనక గదిలో, గోడకి జానెడు ఎడంగా పెట్టాం. ఖాళీ ఉన్నచోట నీళ్ల సీసాలు పేర్చాం. కోనెం చేప ముక్కలు అడుగున, రొయ్యలు పైన. లేకపోతే మా అత్తయ్య మూత ఎత్తిపట్టుకుని వెతుకుతూనే ఉంటారు.

ఇన్వర్టర్ మీద పెట్టలేదు. నిండుగా ఉండి మూత తీయకపోతే ఒక రోజు కరెంటు పోయినా ముక్క గడ్డగానే ఉంటుంది. 2018 తిత్లీ తుఫాను లాంటిది వస్తే మాత్రం వీధంతా పంచి వండేసుకోవడమే.