జపనీస్ వర్ణమాలలో ‘హ’ మధ్యలోకి ఎలా వచ్చింది?

నాలుగు నెలలుగా జపనీస్ నేర్చుకుంటున్నాను. అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ అని చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. హల్లుల వరసలు మాత్రం క, స, త, న, హ, మ, య, ర, వ. అంతా మన వరసే, కానీ చివర్లో ఉండాల్సిన స, హ మధ్యలోకి దూరాయేంటి? క్లాసులో అడిగితే ‘అది అంతే’ అన్నారు.

— వరస మనదేనండీ, మారింది పలుకు. మంత్రాలు తప్పులేకుండా చదవాలని జపాన్ బౌద్ధ భిక్షువులు ‘సిద్ధం’ అనే పాత భారతీయ లిపిలో సంస్కృత అక్షరాలు నేర్చుకునేవారు. 806లో చైనా నుంచి తిరిగొచ్చిన కూకై అనే భిక్షువు ఆ చదువును వెంట తెచ్చాడు. తర్వాత వాళ్ల అక్షరాలనీ ఆ వరసలోనే సర్దుకున్నారు. న, మ మధ్య మనకేముంది? ప వర్గం. వాళ్ల ‘హ’ ఒకప్పుడు ‘ప’నే. చ ఉండాల్సిన చోట స కూర్చోవడమూ ఇలాంటిదే.

మన సరళాదేశం గుర్తుందా, పూచెను + కలువలు = పూచెనుఁ గలువలు? వాళ్లకీ సమాసాల్లో అలాంటిదే ఉంది. క గ అవుతుంది, త ద అవుతుంది. మరి హ? బ అవుతుంది! పువ్వు ‘హన’, పూల అమరిక ‘ఇకెబన’. అసలు ప అయితే తప్ప బ రావడానికి దారే లేదు.

— మాది బళ్లారి. ఇంట్లో పాలు, వీధిలో హాలు. పులి–హులి, పువ్వు–హూవు. హళగన్నడంలో, అంటే పాత కన్నడంలో, అవన్నీ ప తోనే ఉండేవి. మాకిందులో వింతేం లేదు :)

— అయితే జపనీస్ కూడా ద్రావిడ భాషేనా?

— ఆ తేనెతుట్టె కదపకండి. ఓనో సుసుము అనే జపాన్ భాషావేత్త తమిళంతో చుట్టరికం కలిపాడు, భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. ప హ గా మారడం చుట్టాలు కాని భాషల్లోనూ జరుగుతుంది.

— ఒక్కసారిగా ప నుంచి హ కి దూకేశారా?

— లేదు, మధ్యలో పెదాలు కాస్త సడలించి ఊదే ‘ఫ’ ఉండేది. ‘ఫుజి’ కొండ పేరులో ఇప్పటికీ అదే. 1592లో జపాన్‌లోని అమకుసాలో క్రైస్తవ మిషనరీలు రోమన్ అక్షరాల్లో అచ్చువేసిన ‘హెయికె’ అనే పాత యుద్ధగాథ పేరు ‘ఫెయికె’ అనే ఉంటుంది. ఇంతకంటే నాకు నచ్చే సాక్ష్యం 1516 నాటి ఒక పొడుపుకథ. ‘తల్లికైతే రెండుసార్లు కలుస్తాయి, తండ్రికి ఒక్కసారీ కలవవు.’ జవాబు పెదాలు. ఇప్పుడు తల్లి ‘హహ’, తండ్రి ‘చిచి’. రెండింటికీ పెదాలు కలవవు. ‘ఫఫ’ అని చదివితేనే పొడుపు విడుతుంది.

— అయ్యో, ‘అమ్మ అంటే కలుస్తాయి, నాన్న అంటే కలవవు’ అని మా నాయనమ్మ అడిగేది ఇదే కదండీ!