యాప్‌లో పెట్టిన నా కథను వెనక్కి తీసుకోవడం ఎలా?

బైరాగిపట్టెడ కథకురాలు:
మాది తిరుపతి. గంగజాతర మీద రాసిన కథొకటి 2021లో ఒక కథల యాప్‌లో పెట్టాను. ఇల్లొదిలి పోయిన కొడుకు తిరిగి రావాలని మొక్కుకొని, ఒళ్ళంతా బొగ్గు పూసుకొని, వేపాకు చుట్టుకొని తోటివేషం కట్టే ముసలాయన కథ. జాతర ముగుస్తుంది, కొడుకు రాడు. ముసలాయన ఒళ్ళు కడుక్కుంటాడు గానీ చెవుల వెనక మసి మాత్రం వదిలేస్తాడు. ఆ మసి కోసమే కథంతా రాశాను.

ఈమధ్య ఒక యూట్యూబ్ ఛానల్లో అదే కథ విన్నాను. నా పేరు లేదు. పైగా చివర్లో కొడుకు తిరిగొచ్చి తండ్రి కాళ్ళ మీద పడతాడు! కింద అందరూ కన్నీళ్ళొచ్చాయని రాస్తున్నారు. నాకైతే అన్నం సయించలేదు. డబ్బులేం వద్దు. ఆ ఆడియో పోవాలి, యాప్‌లోనూ కథ ఉండకూడదు. డిలీట్ కొట్టేస్తే సరిపోతుందా?

చిత్తూరు వకీలు:
మేడం, ఇప్పుడే డిలీట్ కొట్టకండి. వాళ్ళకంటే ముందు మీరే పెట్టారని చూపించే తేదీ ఆ పేజీలోనే ఉంది. తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి, ఆడియో లింకు రాసిపెట్టుకోండి, చివరి భాగం రికార్డు చేసుకోండి. మీ దగ్గరున్న మొదటి ఫైలు కదపొద్దు.

తర్వాత యూట్యూబ్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఫారం నింపాలి. మీ పేరు ఛానల్ వాళ్ళకి తెలుస్తుంది. వాళ్ళు ఎదురు నోటీసు ఇస్తే, మీరు కోర్టుకెళ్ళినట్టు చూపించాలి. లేకపోతే వీడియో మళ్ళీ వచ్చేస్తుంది.

రిజిస్ట్రేషన్ లేదని టెన్షన్ వద్దు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసినప్పటి నుంచే హక్కు మీది. 57వ సెక్షన్ చూడండి: హక్కులు అమ్ముకున్నా సరే, రచన తనదని చెప్పుకొనే హక్కు, పరువు పోయేలా దాన్ని మార్చేస్తే అడ్డుకునే హక్కు రచయితకే ఉంటాయి. మీ విషయంలో నాకు బలంగా కనిపించేది ఇదే.

శ్రీకాళహస్తి పాఠకుడు:
అక్కా, ఆడియో తీయించండి, కథ మాత్రం యాప్‌లో ఉంచండి. అది పోతే జనానికి మిగిలేది ఆ దొంగ ముగింపే. వాట్సాప్‌లో తిరిగే కాపీలను ఎలాగూ ఆపలేం.

పలమనేరు నుంచి:
యాప్ నిబంధనల్లో లైసెన్సు భాగం చదవండి, మీరు తీసేశాక కూడా వాళ్ళకి హక్కు మిగులుతుందేమో. అప్పట్లో క్రియేటివ్ కామన్స్ (కొన్ని షరతుల మీద ఎవరైనా వాడుకోవచ్చని ముందే ఇచ్చే అనుమతి) ఎంచుకొని ఉంటే మాత్రం, ఆ షరతుల మీద తీసుకున్నవాళ్ళ దగ్గర్నుంచి వెనక్కి తీసుకోలేరు. ఇంకోటి, డిలీట్ చేసినంత మాత్రాన అది అముద్రిత కథ అయిపోదు. పత్రికకు పంపితే, కథ ఇంతకుముందు ఎక్కడైనా వచ్చిందో లేదో చెప్పే హామీపత్రంలో ఉన్నదున్నట్టు రాయండి.

బైరాగిపట్టెడ కథకురాలు:
శ్రీకాళహస్తి తమ్ముడి మాట నాకు నచ్చింది. పుస్తకం వేసేదాకా యాప్‌లో ఉంచుతాను. పేరు తెలిస్తే తెలియనీ, అది నా కథ. సార్, ఛానల్ వాళ్ళకి ముందు ఒక మాట చెప్పాలంటారా?

చిత్తూరు వకీలు:
ఆ ఫారంలోనే 7 రోజుల గడువిచ్చే వీలుంది. ఆలోపు వాళ్ళే తీసేస్తే స్ట్రైక్, అంటే ఛానల్ మీద యూట్యూబ్ వేసే తప్పు గుర్తు, పడదు. పేరు తీసేసి, ముగింపు కూడా మార్చినవాళ్ళకి నేనైతే ఆ గడువివ్వను.